మొదటి వాక్యంలో చెప్పిన మాట

ఇరవై ఏళ్లు దాటింది నేనీ పని మొదలుపెట్టి. చెబితే చాలామందికి ఇది పనిలాగే అనిపించదు. చిలకలగూడలో కింద టిఫిన్ సెంటరు, పైన కోచింగ్ సెంటరు ఉన్న ఒక మేడలో, లా ఎంట్రెన్స్ పరీక్షలు రాసే పిల్లలకు లాజికల్ రీజనింగ్ చెబుతాను. అందులోనూ నాకు పేరు తెచ్చిపెట్టింది ఒకే ఒక్క రకం ప్రశ్న. నాలుగైదు వాక్యాల పేరా ఇస్తారు, కింద నాలుగు ఆప్షన్లు ఇస్తారు. పేరా రాసిన మనిషి అసలు ఏం చెప్పదలుచుకున్నాడో, మెయిన్ కంక్లూజన్ ఏదో గుర్తుపట్టాలి. అంతే. వినడానికి ఇంత తేలికగా ఉన్న ఈ ప్రశ్నలో పిల్లలు తప్పినంతగా ఇంకెక్కడా తప్పరు.

మొదటి రోజు బోర్డు మీద రాసే పేరా నాకు ఎప్పుడూ ఒకటే. "స్టేషన్ ముందు ఆటోలు ఆపే చోటు మార్చాలి. పొద్దునపూట బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. బస్సు దిగినవాళ్లు ఆటోల సందుల్లోంచి దూరి బయటపడాలి. కాబట్టి ముసలివాళ్లు కింద పడే ప్రమాదం ఉంది." ఇందులో అసలు మాట ఏదని అడిగితే క్లాసు క్లాసంతా చివరి వాక్యం చూపిస్తుంది. "చివర్లో ఉంది కదా మేడం" అంటారు కొందరు. "కాబట్టి అని ఉంది కదా మేడం" అంటారు, కాస్త తెలివైనవాళ్లు.

అప్పుడు ఒక్కొక్క వాక్యాన్నీ పట్టుకుని "ఎందుకు?" అని అడగమంటాను. ముసలివాళ్లకు ప్రమాదం ఎందుకు? ఆటోల సందుల్లోంచి దూరాలి కనుక. సరే, కారణం దొరికింది. అక్కడితో ఆగిపోకండి. ఆ ప్రమాదం సంగతి మనకెందుకు చెబుతున్నాడు? ఆటోలు ఆపే చోటు మార్చాలి అనడానికి. అంటే చివరి వాక్యం కూడా ఇంకొక వాక్యానికి బరువు మోస్తున్నదే. ఇంకా అనుమానం ఉంటే రెండు వాక్యాల మధ్య 'కాబట్టి' పెట్టి అటూ ఇటూ చదవండి. 'ప్రమాదం ఉంది కాబట్టి చోటు మార్చాలి', బాగుంది. 'చోటు మార్చాలి కాబట్టి ప్రమాదం ఉంది', నోటికే ఎబ్బెట్టుగా ఉంది. అసలు మాట అతను మొదట్లోనే చెప్పేశాడు. మనం దాన్ని చదివి, దాటి వచ్చేశాం.

చివర్లో మార్కరు మూత పెడుతూ ఒక మాట చెప్పేదాన్ని. "మొదటి వాక్యాన్ని పలకరింపు అనుకుని దాటెయ్యకండి. మనుషులు ముందు అసలు సంగతి అనేస్తారు. తర్వాత భయపడి కారణాలు చెప్పుకుంటారు." ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్లు. వాళ్లు రాసుకుంటుంటే నాకు లోపల గర్వంగా ఉండేది.

ఈ జబ్బు ఇంటికి కూడా వచ్చింది. పద్మారావు నగర్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల మాటల్ని నేను మనసులో ముక్కలు చేసి, ఇది కారణం, ఇది కంక్లూజన్, ఇది ఊరికే నింపుడు అని వేరు చేసుకునేదాన్ని. "మా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా ముందు అది కారణమో కంక్లూజనో తేల్చుకుని నోరు విప్పాలండీ" అని మా ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని. నిజానికి అది పొగడ్తే అనుకునేదాన్ని.

ఐదేళ్ల కిందట, వానలు మొదలైన రోజుల్లో, ఒక అమ్మాయి బ్యాచిలో చేరింది. ఇంటర్ అయిపోయి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా సికింద్రాబాద్ బజారులో నాన్నతో పాటు దుకాణంలో కూర్చుంది. వాళ్లది మ్యాచింగ్ సెంటరు. చీరకు తగ్గ జాకెట్టు గుడ్డ, లోపల వేసే అస్తరు, అంచుకు కుట్టే ఫాలు, ఇవే అమ్ముతారు. లా ఎందుకు చదవాలనుకుంటున్నావని చేరిన రోజు అడిగాను. వాళ్ల గల్లీలో దుకాణాలకు ఏదో నోటీసు వచ్చిందట. మగవాళ్లంతా రెండు రోజులు అరుచుకున్నారట. ఒక లాయరమ్మ వచ్చి, కాగితం చదివి, నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పేసరికి గల్లీ అంతా చల్లబడిందట. "గట్ల మాట్లాడాలె మేడం నేను" అంది. అది చాలా మంచి జవాబని నాకు ఆ రోజు తోచలేదు. ఫీజు రసీదు మీద సంతకం చేసి లోపలికి పంపాను.

ఆ రోజే బోర్డు మీద నా ఆటోల పేరా రాశాను. క్లాసంతా చివరి వాక్యానికి చేతులెత్తింది. ఆ అమ్మాయి ఒక్కతే ఎత్తలేదు. లేపి అడిగితే మొదటి వాక్యం అంది.

"ఎందుకు?" అన్నాను.

"ఆటోలు ఏడ ఆపాలె అన్నదే లొల్లి మేడం. ముసలోళ్ల ముచ్చట మనకు జాలి పుట్టాలని తెచ్చిండు."

క్లాసు గొల్లుమంది. నేను నవ్వలేదు. ఇన్నేళ్లలో మొదటి రోజే దీన్ని ఇంత సూటిగా పట్టుకున్న పిల్లను నేను చూడలేదు. ఎలా తెలిసిందని అడిగాను.

"దుకాణంల గిట్లనే ఉంటది మేడం. కస్టమర్ లోపటికి అడుగు పెట్టుకుంటనే, ఈ రంగు ఉందా అంటది. తర్వాత పెండ్లి ముచ్చట చెప్తది, చుట్టాల ముచ్చట చెప్తది, దర్జీ టైముకు ఇస్తలేడని చెప్తది. మనం జెర ఆలస్యం చేస్తే, సరే ఏదో ఒకటి ఇయ్యి అంటది. ఏదో ఒకటి ఇస్తే తీస్కపోతదా? పోదు. మొదలు అడిగిన రంగే కావాలె ఆమెకు. ఆఖరి మాట అలిసిపోయి అన్న మాట మేడం."

ఆ ఆఖరి వాక్యాన్ని ఆ తర్వాత రెండు బ్యాచిల్లో నేను నా సొంత మాటలా చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఆ అమ్మాయి మధ్యాహ్నం క్లాసుకు వచ్చేది. బజారు నుంచి నడిచే వచ్చేది. సంచిలో పుస్తకాల పక్కన ఎప్పుడూ రెండు మూడు గుడ్డ ముక్కలుండేవి. పాఠం అయ్యాక వెనక్కి వెళ్తూ, దారిలో రంగు వేసే చోట ఇచ్చి పోవడానికట. గ్రామర్‌లో బలహీనం. లెక్కల్లో పరవాలేదు. నా ప్రశ్నల్లో మాత్రం పదికి పది. ఈ పిల్లకు సీటు వస్తుందని నేను స్టాఫ్ గదిలో పందెం కాసినట్టు చెప్పుకునేదాన్ని. ఆ పిల్లతో మాత్రం ఎప్పుడూ అనలేదు. పొగిడితే పాడైపోతారని నాకొక మూఢనమ్మకం.

పరీక్ష ఇంకో మూడు వారాలుందనగా, ఒక శనివారం, క్లాసు వదిలాక మెట్ల మీద నన్ను ఆపింది. నేను రెండు మెట్లు కిందున్నాను, తను పైనుంది. కింద టిఫిన్ సెంటర్లో ఉల్లిపాయలు తరిగే వాసన వస్తోంది. సంచి పట్టీని చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ మాట్లాడింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ వరుస తప్పకుండా గుర్తున్నాయి. మాటల్ని గుర్తుపెట్టుకోవడం నాకు వచ్చిన విద్య.

"మీరొకసారి మా దుకాణంకు రాండ్రి మేడం. కొత్త మాల్ సుత వచ్చింది. నాన్నకు ఈ మధ్య రంగులు సరిగ కనిపిస్తలేవు, రామా గ్రీన్ అడిగితే బాటిల్ గ్రీన్ కోసి ఇస్తుండు. నేను లేకపోతే మస్తు పరేషాన్ అయితుండు. పెండ్లిళ్ల సీజన్ షురూ అయితది, పరీక్ష సుత గప్పుడే పడ్డది. నన్ను ఇడ్సిపెట్టేటట్టు లేడు. గందుకని ఈసారి రాయనేమో మేడం."

నేను విన్నది ఒక్కటే. ఈసారి రాయనేమో. చివర్లో ఉంది, ముందు 'గందుకని' ఉంది.

కోపం వచ్చింది. ఎంత వచ్చిందంటే చెవులు వేడెక్కాయి. ఆ కోపం ఆ పిల్ల మీద ప్రేమతో వచ్చిందని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నా పందెం పోతుందని వచ్చింది.

"రాయనిదానివి ఇన్ని నెలలు ఎందుకు వచ్చావమ్మా?" అన్నాను. "నీ చోట ఇంకొకరు కూర్చుని చదువుకునేవాళ్లు. ఇంట్లో ఇబ్బందులు లేనివాళ్లు ఎవరున్నారు? రాయాలో వద్దో ముందు నువ్వు తేల్చుకో. జాకెట్టు గుడ్డల సంగతి తర్వాత చూద్దాం."

ఆఖరి మాట కాస్త నవ్వుతూనే అన్నాను. ఎందుకంటే మొదటి వాక్యాన్ని నేను కొట్టుకు రమ్మనే మర్యాద మాటగా లెక్కవేసుకున్నాను. మా వైపు వీధి గుమ్మం దగ్గర ఎవరు కనిపించినా 'ఒకసారి మా ఇంటికి రండి' అంటాం. వాళ్లూ 'అలాగేనండీ' అంటారు. ఎవరూ రారు, ఎవరూ ఎదురుచూడరు. అది నమస్కారంలో ఒక ముక్క. కోస్తా నుంచి వచ్చి ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి కూడా, ఇక్కడ 'రాండ్రి' అంటే కుర్చీ తుడిచి పెట్టుకుంటారని నేను నేర్చుకోలేదు.

ఆ పిల్ల ముఖంలో ఏం కదిలిందో చూడలేదు. "సరే మేడం" అంది. గోడ వైపుకు ఒదిగి నాకు దారి ఇచ్చింది. నేను కిందికి దిగి వచ్చేశాను. ఆ రోజు నాకు ఏ తొందరా లేదు. ఇంటికి వెళ్లి టీ పెట్టుకుని, బాల్కనీలో కూర్చుని పేపరు చదివాను. బజారు అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరమే.

సోమవారం రాలేదు. బుధవారం రాలేదు. ఫోను చెయ్యాలని ఒకసారి అనుకున్నాను, నెంబరు రిజిస్టర్లో ఉంది. తనే చెయ్యాలి కదా అనిపించింది. ఆ వారం ముగిసేసరికి హాజరు పట్టీలో ఆ పేరు మీద ఎర్ర గీత గీశాను. పైగా క్లాసులో, "చివరి నిమిషంలో జావగారిపోయేవాళ్లు ముందే చెబితే బాగుంటుంది" అని అందరికీ వినపడేలా అన్నాను. తన స్నేహితురాళ్లెవరైనా వెళ్లి చెబుతారని నా ఉద్దేశం. చెప్పే ఉంటారు.

ఆ ఏడు మా దగ్గర నుంచి ఇద్దరికి సీట్లు వచ్చాయి. మెట్ల దగ్గర వాళ్ల ఫోటోలతో ఫ్లెక్సీ కట్టారు. సరిగ్గా ఆ పిల్ల ఒదిగి నిలబడ్డ గోడకే కట్టారు. నాకప్పుడు అదేమీ గుర్తు రాలేదు.

మొన్న చలికాలంలో మా చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి పాత పట్టుచీర ఒకటి తీశాను. చీర బాగానే ఉంది గాని దాని జాకెట్టు నాకు పట్టడం మానేసి చాలా ఏళ్లయింది. రంగు చెప్పడం కష్టం. వంకాయ రంగు కాదు, నేరేడు రంగు కాదు. చీర సంచిలో పెట్టుకుని బజారుకు వెళ్లాను. మూడు కొట్లు తిరిగాను. మూడింటిలోనూ ట్యూబ్‌లైటు కింద సరిపోయిందనిపించి, బయటికి తెస్తే తేడా కొట్టింది. మూడో కొట్టాయన విసుగుపడకుండా చీర మడతపెట్టి ఇచ్చాడు.

"ఆ పక్క గల్లీలకు పోండి మేడం. ఆఖరి దుకాణంల ఒక అమ్మాయి ఉంటది. ఏ రంగైనా పట్టేస్తది. మేం సుత కస్టమర్లను ఆడికే తోలుతం."

అప్పుడు కూడా నాకు వెలగలేదు. గల్లీ చివరకు వెళ్లి చీర బల్ల మీద పెట్టాక, అవతలి మనిషి చీర వైపు కాకుండా నా వైపు చూస్తోందని గమనించి తలెత్తాను.

"మేడం" అంది.

కొంచెం ఒళ్లు చేసింది. మెడలో టేపు వేలాడుతోంది. అదే ముఖం. తను ఏ ఇబ్బందీ లేకుండా చీర అందుకుని, గుమ్మం బయటికి తీసుకెళ్లి, ఎండ పడేచోట పరిచి చూసింది. లోపలికి వచ్చి, వందల చుట్టల్లోంచి ఒక్కటే తీసింది. తెచ్చి పక్కన పెట్టింది. అతికినట్టు సరిపోయింది.

దుకాణం లోపల, గోడ వారగా స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని గుడ్డలు మడతపెడుతున్నాడు. కళ్లు మాత్రం ఎటో ఎదురు గోడ మీద ఉన్నాయి. వేళ్లతో అంచు వెతుక్కుని, అంచుకు అంచు కలిపి, బొటనవేలితో నొక్కుతున్నాడు.

"ఎవరు బిడ్డా?" అన్నాడు.

"కోచింగ్ మేడం నాన్నా."

ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. లేవద్దని నేనంటున్నా వినకుండా గోడ పట్టుకుని రెండడుగులు ముందుకు వచ్చాడు. నేనున్న వైపుకు కాస్త పక్కగా చూస్తూ నమస్కారం పెట్టాడు. ఎవరినో కేకేసి చాయ్ తెమ్మన్నాడు. నా కోసం స్టూలు జరిపాడు.

"ఇన్నాళ్లకు ఒచ్చిండ్రు మేడం" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "అప్పుడు మా బిడ్డ చెప్పె, మా మేడం ఒస్తది నాన్నా, ఆమెతోని మాట్లాడేదాంక నువ్వేం అనకు అని. నేను సరే అన్న. ఆ దినం శనివారం. పొద్దుగాల్నే గడ్డం గీకిచ్చుకున్న. తెల్ల అంగీ ఇస్త్రీ చేయించి తొడుక్కున్న. పెద్ద మేడం ఒస్తదాయె, నేను చదువుకోనోన్ని, ఏం మాట్లాడాల్నో ఏందో అని మస్తు ఫికర్ పెట్టుకున్న. దీపాలు పెట్టేదాంక చూసిన. మీకేదో పని పడ్డదనుకున్న."

"నాన్నా, ఊకో" అంది ఆ అమ్మాయి, గుడ్డ కొలుస్తూ.

"ఏం లేదు బిడ్డా, ముచ్చట చెప్తున్న." మళ్లీ నా వైపు తిరిగాడు. "అప్పటికి నాకు జెర కనిపిస్తుండె. సగం సగం నడుపుకుంటుంటి. ఎవరినన్న పెట్టుకుంటుంటి. పిల్ల చదువుకుంటది, పంపు అని మీరు ఒక్క మాట అంటే నేను కాదంటుంటినా మేడం? మీ అసొంటోళ్లు చెప్తే మాకు ధైర్యం. పిల్ల మాట మీద పంపాల్నంటే నాకు బుగులు. అందుకే మిమ్మల్ని తోల్కరమ్మన్న."

చాయ్ వచ్చింది. గ్లాసు పట్టుకున్నాను గాని తాగలేకపోయాను. తోల్కరమ్మన్నాడు. మెట్ల మీద నేను విన్న ఆరేడు వాక్యాలు ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. అలవాటు చొప్పున 'ఎందుకు' అని అడిగాను. రాయనేమో అంది. ఎందుకు? నాన్న వదిలేటట్టు లేడు. ఎందుకు? కళ్లు కనిపించడం లేదు, సీజను. మరి ఇదంతా నాకెందుకు చెప్పింది? మధ్యలో 'కాబట్టి' పెట్టి చూశాను. నేను రాయలేనేమో, కాబట్టి మీరొకసారి దుకాణానికి రండి. మొదటి రోజు పిల్లలకు ఇచ్చే పేరా కన్నా తేలికగా ఉంది.

ఆ అమ్మాయి గుడ్డ మడిచి, చీరతో పాటు సంచిలో పెట్టి, నన్ను గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చింది. గల్లీలో ఎండగా ఉంది. నేను అక్కడ ఆగిపోయాను. తప్పు నాదని తెలుసు. అయినా నా నోట్లోంచి వచ్చింది మాత్రం పంతులమ్మ ప్రశ్నే.

"ఆ రోజు సూటిగా ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆశ్చర్యంగా చూసింది. "చెప్పిన కద మేడం. మొట్టమొదలు అదే చెప్పిన."

"నాకు అర్థం కాలేదు."

మెడలో టేపును చేతికి చుట్టుకుంది, విప్పింది. మెట్ల మీద సంచి పట్టీని చుట్టుకున్నట్టే.

"మీకు అర్థం గాలేదని నేనెట్ల అనుకుంట మేడం?" అంది చివరకు. "ఎవ్వరు ఏం మాట్లాడినా అసలు ముచ్చట పట్టేటోళ్లు మీరు. మీకు అర్థమైందనే అనుకున్న. అర్థమై సుత మీకు రావడం ఇష్టం లేదనుకున్న. గంత పెద్ద మేడం మన దుకాణంకు ఎందుకొస్తదని, మల్ల అడగలే."

నాలుగేళ్లు ఆ పిల్ల ఇది మోసింది. నేను కోప్పడినందుకు కాదు, ఫోను చెయ్యనందుకు కాదు. నా తెలివి మీద నమ్మకం ఉన్నందుకు. నేను మామూలు మనిషినై, ఈ ప్రశ్నల్లో పేరున్న దాన్ని కాకపోయి ఉంటే, మర్నాడు వచ్చి ఇంకోసారి చెప్పి ఉండేది. క్షమించమని అన్నాను. అంత బజారులో, వచ్చేపోయేవాళ్ల మధ్య, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. "అయ్యో, గట్లనకుండ్రి మేడం" అని నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు మాట్లాడతాను మీ నాన్నతో. ఇప్పుడు రాయచ్చు. వయసు అడ్డం కాదు. ఫీజు అవీ నేను చూసుకుంటాను."

నవ్వింది. "ఇప్పుడు నాన్నతోని మాట్లాడేదేం లేదు మేడం. ఆయన ఎప్పుడో రాసుకో బిడ్డా అన్నడు. ఇప్పుడు ఆయనకు తెల్లది, నల్లది సుత తెలుస్తలేదు. దుకాణం నేనొక్కదాన్నే. నేను లేస్తే షట్టర్ దించాలె." లోపలి నుంచి ఎవరో కస్టమర్ పిలిచింది. "ఆ, వస్తున్న" అని కేకేసి, నా వైపు తిరిగింది. "దర్జీకి ఇచ్చేటప్పుడు ముందు గుడ్డ నీళ్లల్ల నానబెట్టుండ్రి మేడం, లేకపోతే గుంజుకుంటది." లోపలికి వెళ్లిపోయింది.

ఆ జాకెట్టు కుట్టించుకున్నాను. నిశ్చితార్థంలో అందరూ భలే కుదిరిందన్నారు. నేను సాయంత్రం దాకా పవిట భుజం చుట్టూ కప్పుకునే కూర్చున్నాను.

ఆ తర్వాత బజారుకు నాలుగైదు సార్లు వెళ్లాను. పెద్దాయన పక్కన స్టూలు మీద కూర్చుంటాను. ఆయన ముచ్చట్లు చెబుతాడు, చాయ్ వస్తుంది. పాత ప్రశ్నపత్రాలు ఒక కట్ట తీసుకెళ్లి ఇస్తే తను తీసుకుని బల్ల కింద పెట్టింది. తర్వాతిసారి చూస్తే అక్కడే ఉన్నాయి, పైన అస్తరు చుట్టలు పేర్చి ఉన్నాయి. ఆలస్యంగా చేసే మేలు ఇచ్చేవాళ్లకే ఉపయోగపడుతుందని నాకు అర్థమైంది. అయినా వెళ్లడం మానలేదు.

ఈ ఏడు కొత్త బ్యాచికి ఆటోల పేరా రాయలేదు. మొదటి రోజు బోర్డు మీద ఆ పిల్ల మాటలు రాశాను. పుస్తకాల తెలుగులోకి మార్చి, ఎవరివో చెప్పకుండా రాశాను. "మీరొకసారి మా దుకాణానికి రండి మేడం. కొత్త సరుకు కూడా వచ్చింది. నాన్నకు రంగులు సరిగా కనిపించడం లేదు. సీజనూ, పరీక్షా ఒకేసారి వచ్చాయి. నాన్న నన్ను వదిలేటట్టు లేడు. అందుకని ఈసారి రాయనేమో." కింద నాలుగు ఆప్షన్లు ఇచ్చాను. ముప్పై మందికి పైగా ఉన్నారు క్లాసులో. అందరూ నాలుగోది పెట్టారు, ఈసారి రాయదు అని. నేను చెప్పగలిగింది చెప్పాను. ఎందుకు అని అడగమన్నాను, 'కాబట్టి' పెట్టి చదవమన్నాను. ఒక్కొక్కరే పెన్సిల్‌తో కొట్టేసి మొదటిదానికి మార్చారు.

కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం పెన్సిలు కింద పెట్టి చెయ్యెత్తింది.

"మేడం, మరి ఆ మేడం దుకాణంకు పోయిందా?"

మార్కరు మూత కోసం బల్ల మీద వెతికాను. అది నా చేతిలోనే ఉంది.

"వెళ్లింది" అన్నాను. "నాలుగేళ్ల తర్వాత. జాకెట్టు గుడ్డ కొనుక్కోవడానికి."